సైన్స్ బ్లాకులో ఏది ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

అడిగిన అమ్మాయి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చిన్న ఊళ్ళో డిగ్రీ చదివి, ఈ ఏడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరింది. సైన్స్ బ్లాకు నాలుగు అంతస్తులు, పాత భవనానికి కొత్తది కలిపి కట్టారు. పది రోజులైనా దారి అలవాటు కాలేదు. ల్యాబు సామాను ఇచ్చే స్టోర్స్ ఎక్కడో, ఎన్‌ఎంఆర్ (బలమైన అయస్కాంతంతో అణువుల నిర్మాణం తెలిపే యంత్రం) ఎక్కడో, ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక టెన్షన్ పడుతోంది. అడిగితే నవ్వుతారేమోనని భయం. భవనం మ్యాప్ ఏదైనా దొరుకుతుందా అని అడిగింది.

అమ్మా, నేను ఒక యూనివర్సిటీ సైన్స్ భవనంలో 31 ఏళ్ళు పనిచేశాను. ల్యాబ్ అసిస్టెంటుగా చేరి టెక్నికల్ ఆఫీసరుగా రిటైరయ్యాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ చేతిలో కాగితం పట్టుకుని, తలుపుల మీద నంబర్లు చూసుకుంటూ వరండాలో నడిచే పిల్లల్ని చూశాను. పది రోజుల్లో దారి తెలియకపోవడం తప్పు కాదు. మా భవనం నాకు పూర్తిగా తెలియడానికి మూడు నెలలు పట్టింది.

సూటిగా జవాబు: గది నంబర్లు బట్టీ పట్టకండి. ఏ వస్తువును అక్కడే ఎందుకు పెట్టారో తెలుసుకోండి, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో తెలుసుకోండి. మ్యాప్ దొరికితే తీసుకోండి. అయితే చాలా చోట్ల గోడమీద వేలాడే మ్యాప్ భవనం కట్టినప్పటిది. ఆ తర్వాత గదుల మధ్య ఎన్ని చెక్క గోడలు లేచాయో, ఎన్ని ల్యాబులు చేతులు మారాయో అందులో ఉండదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మొదట చెప్పేస్తాను. మీరు పనిచేసే బెంచీ దగ్గర నిలబడి చూడండి. ఒంటి మీద ఏదైనా పడితే గొలుసు లాగి కడుక్కునే షవరు ఎక్కడుంది? కళ్ళు కడుక్కునే ఐ వాష్ ఎక్కడుంది? మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది? బయటికి వెళ్ళే రెండో దారి ఏది? ఈ నాలుగింటికీ ఒకసారి కాళ్ళతో నడిచి వెళ్ళండి, చేత్తో తాకండి. కంట్లో ఏదైనా పడితే ఆ దారి కళ్ళు మూసుకునే వెళ్ళాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన చోట ఒక స్కాలర్ మెడ మీద, భుజం మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చిందింది. షవరు ఆ గదిలోనే ఉంది. కానీ దాని కింద ఎవరో పాత ఇనుప బీరువా పెట్టారు. గొలుసు అందలేదు. నలుగురం కలిసి అతన్ని వరండా చివర చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాం. ఆ కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి. అతని మెడ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ బీరువా అక్కడ పెట్టినరోజు నేనూ ఆ గదిలోకి వెళ్ళాను, చూశాను, ఏమీ అనలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా సోమవారం పొద్దున్నే ప్రతి షవరు గొలుసూ లాగి చూసేవాణ్ణి. ఒంటి మీద ఆమ్లం పడినా, కంట్లో ఏది పడినా కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్ళతో కడగాలి. రెండు నిమిషాలకే మంట తగ్గిందని ఆపేయకూడదు. మీ షవరు కింద ఏదైనా అడ్డం ఉంటే ఇవాళే చెప్పి తీయించండి. కొత్తగా వచ్చినదాన్ని కదా అని ఊరుకోవద్దు.

ఇక దారి సంగతి.

సైన్స్ భవనాన్ని ముందు బయటి నుంచి చూడాలి. ఒక సాయంత్రం భవనం చుట్టూ ఒక రౌండు కొట్టండి. మేడ మీద గొట్టాలు, బ్లోవర్లు గుంపుగా ఎక్కడున్నాయో చూడండి. సాధారణంగా వాటి కిందే ఆర్గానిక్ ల్యాబులుంటాయి. ఫ్యూమ్ హుడ్లలోని (హానికర ఆవిర్లని బయటికి లాగే గాజు తలుపు అరల్లోని) ఆవిర్లు మేడ మీదికి పోవాలి కాబట్టి, గొట్టం పొడవు తగ్గడానికి కెమిస్ట్రీ ల్యాబుల్ని వీలైనంతవరకు పై అంతస్తుల్లో పెడతారు. వెనకవైపు గోడకి ఆనుకుని ఇనుప జాలీ గది, అందులో గొలుసులతో కట్టిన సిలిండర్లు కనిపిస్తాయి. రంగులు గుర్తుపెట్టుకోండి: ఎర్రది హైడ్రోజన్, బూడిద రంగుది నైట్రోజన్, నీలం ఆర్గాన్, నల్లది ఆక్సిజన్, మెరూన్ రంగుది ఎసిటిలీన్. అక్కడి నుంచి బయల్దేరే సన్నటి లోహపు గొట్టాల వెంట చూపు పోనిస్తే అవి ఏ కిటికీ పక్కనుంచి లోపలికి వెళ్ళాయో తెలుస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి చూపే పరికరం) లాంటివి చాలావరకు ఆ గోడకి అవతలే ఉంటాయి. కాస్త దూరంగా విడిగా ఒక చిన్న రేకుల గదో, కాంక్రీటు గదో ఉంటే అది సాల్వెంట్ల (ద్రావకాల) గోడౌన్ అయి ఉండొచ్చు. ఈథర్, హెక్సేన్, అసిటోన్ డబ్బాల్ని మనుషులు తిరిగే భవనంలో పెద్ద మొత్తంలో నిల్వ పెట్టకూడదు కాబట్టి అలా విడిగా కడతారు.

లోపల కూడా ఇదే లెక్క. బరువైనవీ, అదురు తగలకూడనివీ కింద అంతస్తులో ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న గది పక్కన గట్టిగా తలుపు వేసినా బొమ్మ చెదురుతుంది, అందుకని దాన్ని నేల అంతస్తులోనో సెల్లార్లోనో పెడతారు. ఎన్‌ఎంఆర్ కూడా కిందే, అదీ లిఫ్టుకి దూరంగా. లిఫ్టు అంటే పైకీ కిందికీ కదిలే పెద్ద ఇనప ముద్ద, దాని కదలిక అయస్కాంత క్షేత్రాన్ని కలవరపెడుతుంది. పైగా ఆ అయస్కాంతంలో ద్రవ హీలియం నింపడానికి పైన బోలెడు ఖాళీ కావాలి, కాబట్టి ఆ గది పైకప్పు మిగతా గదులకంటే ఎత్తుగా ఉంటుంది. మీరు ఎన్‌ఎంఆర్ ఎక్కడని వెతుకుతున్నారు కదా, పై అంతస్తుల్లో తిరగడం మానేసి నేల అంతస్తులో, లిఫ్టుకి అవతలి చివర వెతకండి.

నంబర్ల విషయం తొందరగా చెప్పేస్తాను. మొదటి అంకె అంతస్తు. నేల అంతస్తుకి సున్నా గానీ జీ అక్షరం గానీ ఉంటుంది. గదిని రెండుగా చీలిస్తే 214, 214-ఎ అవుతాయి. అమెరికాలో ఉండి వచ్చిన ప్రొఫెసర్ ఎవరైనా ‘ఫస్ట్ ఫ్లోర్’ అంటే నేల అంతస్తేనా అని ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది, అక్కడ లెక్క అలాగే ఉంటుంది. పాత, కొత్త భవనాలు కలిసిన చోట మాత్రం జాగ్రత్త. మా దగ్గర రెండు భవనాల్లోనూ 213 ఉండేది. రెండింటికీ మధ్య వంతెన మొదటి అంతస్తులోనూ మూడో అంతస్తులోనూ మాత్రమే ఉండేది, రెండో అంతస్తులో గోడ అడ్డం. బాటనీలో చేరిన ఒక కుర్రాడు ఐస్ పెట్టెలో ఆకుల శాంపిల్ పట్టుకుని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్న 213 కోసం పాత భవనంలో తిరిగి తిరిగి, ఆ గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, చివరికి మా గదికి వచ్చేసరికి పెట్టెలో ఐసంతా నీళ్ళయింది. ఆర్‌ఎన్‌ఏ తీయాల్సిన శాంపిల్ అది. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం, వెచ్చబడితే తొందరగా పాడైపోతుంది. అడవిలో నాలుగు రోజులు తిరిగి తెచ్చుకున్న ఆకులు అవి. వాడి ముఖం చూసినరోజే ఆ గోడమీద ‘కొత్త భవనానికి దారి పై అంతస్తు నుంచి’ అని నేనే రంగుతో రాయించాను. శాంపిల్ చేతిలో పట్టుకుని దారి వెతకొద్దు. ముందురోజు ఉత్త చేతులతో ఒకసారి వెళ్ళి చూసి రండి.

బోర్డుల మీద పేర్లు కూడా ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకం. 1974లో పెట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ‘స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ’ అంటారు. ఉస్మానియాలో సైన్స్ కాలేజీ కింద డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరుంది. ఎక్కడ చేరినా మీ డిపార్ట్‌మెంటు ఏ గొడుగు కింద ఉందో తెలుసుకోండి. ఫీజు రసీదు ఒక చోట, ల్యాబు ఇండెంట్ (సామాను కావాలని రాసిచ్చే కాగితం) ఇంకో చోట, పరికరాల బుకింగ్ మరో చోట కావడానికి కారణం అదే.

బోర్డులు చదివేటప్పుడు తలుపు పక్కన చిన్న పలకలు కూడా చదవండి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం 2000లో మొదలుపెట్టిన ఫిస్ట్ పథకం నిధులతో కొన్న పరికరమైతే ఆ పేరు రాసి ఉంటుంది. అలాంటిది చాలావరకు డిపార్ట్‌మెంటు మొత్తానిది, మీరూ అడగొచ్చు. ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బుతో కొన్నదైతే ఆయన అనుమతి ముందు తీసుకోవాలి. ఈ తేడా తెలియక చాలామంది పిల్లలు ఒక గదిలో చీవాట్లు తిని, పక్క గదిలో అడగాల్సినది కూడా అడగడం మానేస్తారు.

కళ్ళతో పాటు ముక్కుని, చెవుల్ని కూడా నమ్మొచ్చు. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్ లాంటిది) ఉన్న వరండాలో ఉడికిన పులుసు లాంటి, ఈస్ట్ లాంటి వాసన ఉంటుంది. అది మైక్రోబయాలజీ. జువాలజీ మ్యూజియం దగ్గర ఫార్మలిన్ కళ్ళని మండిస్తుంది. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలు దాచే గది) తలుపు తీస్తే నాఫ్తలీన్ ఉండల వాసన. రోటరీ పంపు టకటక వినిపిస్తే వాక్యూమ్ పని జరిగే చోటు. ఒక్క మాట: వరండాలోకే సాల్వెంటు ఘాటు గట్టిగా వస్తుంటే ఏదో సరిగ్గా లేదని. అది గుర్తుపట్టడానికి వాడాల్సిన వాసన కాదు, ఎవరికైనా చెప్పాల్సిన వాసన.

ఇప్పుడు మీ ప్రశ్నలో అసలు ముఖ్యమైన భాగం, ఎవరిని అడగాలి అన్నది. మొదట అటెండర్‌ని అడగండి. హెచ్‌ఓడి (డిపార్ట్‌మెంటు హెడ్) గారు మూడేళ్ళకో అయిదేళ్ళకో మారతారు, అటెండరు ఇరవై ఏళ్ళుగా ఆ తాళాలే తిప్పుతుంటాడు. మా ఆఫీసు గోడకి ఒక చెక్క పలక ఉండేది, మేకులకి వరసగా తాళాలు, ఒక్కోదానికి అరిగిపోయిన ఇత్తడి బిళ్ళ మీద గది నంబరు. కింద బల్ల మీద రిజిస్టరు: ఎవరు, ఏ గది, ఎన్నింటికి తీసుకున్నారు, ఎన్నింటికి ఇచ్చారు. ఆ రిజిస్టరు పది నిమిషాలు తిరగేస్తే భవనం పనిచేసే తీరు మొత్తం అర్థమవుతుంది. ఏ గది రోజూ తెరుస్తారు, ఏది వారానికి ఒకసారి, ఏది ఎవరి సంతకం లేకుండా ఇవ్వరు, అన్నీ అందులోనే ఉంటాయి. అనుమతి అడిగి చూడండి. పేరు తెలుసుకుని, పేరు పెట్టి, ‘గారు’ చేర్చి మాట్లాడండి. మీరు దారి తప్పినందుకు వాళ్ళు నవ్వరు. మూడు దశాబ్దాల్లో మా అటెండర్లు కొత్త పిల్లల్ని చూసి నవ్వడం నేను చూడలేదు. చేతిలో ఉన్న సంచీ పక్కన పెట్టి, మెట్ల దాకా వచ్చి చూపించడమే చూశాను.

స్టోర్స్‌లో పని ఇంకో రకం. అక్కడ మీకు ఇండెంట్ కాగితం కావాలి, దాని మీద మీ ల్యాబు టీచరుదో గైడుదో సంతకం కావాలి. చాలా చోట్ల పొద్దున ఒక గంటన్నర, మధ్యాహ్నం ఒక గంట తెరుస్తారు, మిగతా వేళ లెక్కలు రాసుకుంటారు. గాజు సామాను తీసుకునేటప్పుడు ప్రతి ముక్కనీ వెలుతురుకి పట్టి చూడండి. బీకరు అడుగున వెంట్రుకంత పగులున్నా వేడి చేసినప్పుడు చిట్లుతుంది, ఖరీదు మీ డిపాజిట్లో కోస్తారు. చివరి సెమిస్టర్లో ‘నో డ్యూస్’ కాగితం మీద స్టోర్స్ సంతకం కావాలి, కాబట్టి తీసుకున్నవి మీ నోట్‌బుక్కులోనూ రాసుకోండి.

ఎన్‌ఎంఆర్ గురించి ఇంకాస్త చెప్పాలి. 400 మెగాహెర్ట్జ్ యంత్రం అంటే అందులోని అయస్కాంతం 9.4 టెస్లాలది. అది కరెంటు పోయినా ఆగదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. యంత్రం ఆపి ఉంది కదా అని లోపలికి వెళ్ళడమనే మాటే లేదు. నేల మీద పసుపు టేపుతో గీత ఉంటుంది, అది 5 గాస్‌ల హద్దు (టెస్లా, గాస్ రెండూ అయస్కాంత బలానికి కొలతలే). గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఆ గీత దాటకూడదు. మీ అమ్మానాన్నలు భవనం చూడ్డానికి వచ్చినరోజు ఈ సంగతి గుర్తుంచుకోండి. మీరు కూడా తాళాలు, ఫోను, ఏటీఎం కార్డు, జడ పిన్నులు బయట బల్ల మీద పెట్టి వెళ్ళండి. ఇక శాంపిల్: ప్రోటాన్ స్పెక్ట్రానికి (అణువులోని హైడ్రోజన్లని చూపే గ్రాఫుకి) 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు, డ్యుటీరియం ఉన్న సాల్వెంట్ సుమారు 0.6 మిల్లీలీటర్లు. గొట్టంలో తేలాడే నలుసులు ఉండకూడదు, దూదితో వడకట్టండి. సాల్వెంటు పేరు ఫారం మీద తప్పకుండా రాయండి. ప్రోటాన్ అయితే కొన్ని నిమిషాల పని, కార్బన్‌కి చాలా ఎక్కువసేపు పడుతుంది. అందుకే కార్బన్ స్లాట్లు రాత్రివేళ ఇస్తారు.

మీ దగ్గర ఒక పరికరం లేకపోతే నిరాశ పడకండి. దేశంలో వేరే సంస్థల్లోని పరికరాల్ని బయటివాళ్ళు కూడా వాడుకునేందుకు 2020లో కేంద్రం ఐ-స్టెమ్ అనే పోర్టల్ తెరిచింది. ఏ పరికరం ఏ ఊళ్ళో ఉందో అందులో వెతికి స్లాటు అడగొచ్చు. ఐఐటీ మద్రాసు లాంటి చోట్ల సైఫ్ కేంద్రాలకి (ఖరీదైన పరికరాలతో బయటివాళ్ళ శాంపిళ్ళు కూడా పరీక్షించే చోట్లకి) శాంపిల్ పంపి ఫలితం తెప్పించుకోవడం ఎప్పటినుంచో ఉంది. గైడు సంతకం, తగిన ఫీజు ఉంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కూడా చేయించుకోవచ్చు.

ద్రవ నైట్రోజన్ తెచ్చుకోవడానికి మిమ్మల్ని పంపితే ఒక నియమం. అది మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఒక లీటరు ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువు అవుతుంది. లిఫ్టు పెట్టెలో అది నిండితే ఊపిరికి ఆక్సిజన్ మిగలదు. క్యాన్‌ని లిఫ్టులో ఒంటరిగా పంపాలి, కింద ఒకరు ఎక్కించాలి, పైన ఇంకొకరు దించుకోవాలి. క్యాన్‌తో పాటు మీరు లిఫ్టు ఎక్కొద్దు. తొందరలో ఉన్న సీనియర్లు ‘ఏం కాదు, ఎక్కు’ అన్నా సరే. కోల్డ్ రూములోకి వెళ్ళేముందు కూడా ఒకసారి ఆగి, తలుపుని లోపలి నుంచి తెరిచే పిడి పనిచేస్తోందో లేదో చూసి అప్పుడు వెళ్ళండి.

మీరు అడగలేదు గానీ అమ్మాయి కాబట్టి చెబుతున్నాను. పాత సైన్స్ బ్లాకులు ఆడపిల్లలు పదిమంది కూడా లేని రోజుల్లో కట్టినవి. మా పాత భవనంలో ఆడవాళ్ళ బాత్రూము ఒక్క మొదటి అంతస్తులోనే ఉండేది. మూడో అంతస్తులో ఆరు గంటల ప్రాక్టికల్ చేసే పిల్లలు నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. అది చూసి నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. మేం రెండేళ్ళు తిరిగి ఉత్తరాలు రాస్తే మూడో అంతస్తులో ఒకటి కట్టారు. మీ దగ్గర అలా ఉంటే నీళ్ళు మానేయకండి, అందరూ కలిసి రాతపూర్వకంగా అడగండి. తాగే నీళ్ళూ, టిఫిన్ డబ్బా మాత్రం ల్యాబులోకి తేవద్దు, శాంపిళ్ళున్న ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు.

రాత్రిపూట పని ఉంటే రిజిస్టరులో పేరు, గది, ఫోను నంబరు రాసి, ఇంకొకరు తోడుంటేనే చేయండి. సాయంత్రం ఆరు దాటాక ఏ గేటు తెరిచి ఉంచుతారో సెక్యూరిటీని అడిగి తెలుసుకోండి, పగలు వెళ్ళే దారి రాత్రి తాళం పడి ఉంటుంది. ఫోనులో అత్యవసరానికి 112, ఫైరుకి 101, అంబులెన్సుకి 108, వాటితో పాటు మీ క్యాంపస్ సెక్యూరిటీ నంబరు దాచుకోండి. ఫోను చేసినప్పుడు భవనం పేరు, పాతదా కొత్తదా, అంతస్తు, గది, ఆ వరసలో చెప్పాలి. మా దగ్గర ఒకసారి ‘213’ అని మాత్రం చెబితే అంబులెన్సు పాత భవనం ముందు ఆగింది.

రేపు పొద్దున స్టోర్స్ తెరిచే వేళకి ఉత్త చేతులతో వెళ్ళండి. కౌంటరు దగ్గర ఉన్నవారికి నమస్కారం పెట్టి, ‘నేను ఈ ఏడు చేరాను, ఇండెంట్ ఎలా రాయాలో ఒకసారి చూపిస్తారా’ అని అడగండి. అక్కడి నుంచి మెట్ల మీదుగా మీ ల్యాబు దాకా నడిచి, షవరు గొలుసు మీ చేతికి అందుతోందో లేదో చూసుకుని, ఏమైందో ఇక్కడ రాయండి. అడ్డం ఏదైనా ఉంటే ఎవరికి, ఎలా రాయాలో నేను చెబుతాను.